పెట్టినవాడే తీయాలి

మొగులయ్య ఆ రోజు కోసం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకు ఆరు వ్యాగన్లను జతచేసి బయటి లైను మీద నిలబెట్టాలి. పన్నెండింటికి రైల్వే వాళ్ళ ఇంజను వచ్చి వాటిని తీసుకుపోతుంది. నాలుగింటికి క్యాంటీన్‌లో శాలువా కప్పించుకోవాలి, ఐదింటికి ఇంటికి చేరాలి. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి అది ఆఖరి రోజు. శాలువా మీద ఆయనకు పెద్ద మోజు లేదు. మనసంతా ఆఖరి పచ్చజెండా మీదే ఉంది. తను జెండా ఊపాలి, బాబా మియా ఇంజను కదలాలి, వ్యాగన్లు చప్పుడు లేకుండా ఒకదానికొకటి తగలాలి. అదొక్కటి జరిగితే చాలు, తర్వాత ఎవరు ఏం కప్పినా సరే అనుకున్నాడు.

"ఇగో, జెండాలు. ఉతికిన, ఇస్త్రీ గూడ చేసిన," అంది కౌసల్యమ్మ, టిఫిన్ డబ్బా పక్కన రెండు జెండాలు మడిచి పెడుతూ.

"జెండాకు ఇస్త్రీ ఎందుకే?"

"ఆఖరి దినం గద. ముడతలుంటే నిన్ను గాదు, నన్నంటరు."

"రైలు ముడతలు సూడదు."

"రైలు సూడదు. మియా సూస్తడు."

కర్దనూర్ నుంచి ఫ్యాక్టరీకి మోపెడ్ మీద పావుగంట. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలకు కొదవ లేదు కానీ, లోపల సొంత రైలు పట్టాలున్నవి తక్కువ. వ్యాగన్లను విడదీసి, కలిపి, ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే పనినే షంటింగ్ అంటారు. కింద నిలబడి జెండా ఊపే జమాదారు మొగులయ్య. పైన కూర్చుని ఇంజను నడిపే డ్రైవరు బాబా మియా. ఆ పట్టాలు పరిచిన నేల ఒకప్పుడు మొగులయ్య వాళ్ళ నాయన జొన్న చేను. భూమి తీసుకున్నప్పుడు ఇంటికొక ఉద్యోగం అన్నారు. అలా తన చేనుకే తాను జీతానికి కుదిరాడు. బావి పూడ్చిన చోటు, మంచె వేసిన చోటు, నాయనా చిన్నాయనా గట్టు కోసం కొట్టుకున్న చోటు, అన్నీ కంకర కింద ఎక్కడెక్కడున్నాయో ఆయనకు తెలుసు. బాబా మియాకు కూడా తెలుసు, ఎందుకంటే ముప్పై ఒక్క ఏళ్ళుగా వింటూనే ఉన్నాడు.

ఇద్దరూ నియమాల మనుషులు. కదిలే బండి ఎక్కరు. రెండు వ్యాగన్ల మధ్య నుంచి దూరరు. నిలబడ్డ వ్యాగన్లకు ఇరవై మీటర్ల ఇవతలే బండి ఆపి, జమాదారు నడిచి వెళ్ళి చూసి వచ్చాకే జోడిస్తారు. వీటన్నిటికీ మీద ఒక పెద్ద నియమం ఉంది. పట్టాల మధ్య ఎర్రజెండా పెడితే, పెట్టినవాడే తీయాలి. పెట్టినవాడు చక్రాల కింద వంగి ఉండవచ్చు. ఇంకెవరో తొందరపడి తీసేస్తే ఇక అంతే సంగతులు. ఈ నియమం మొగులయ్యకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఒకసారి ఇంట్లో పాలు పొంగిపోతుంటే పక్కనే నిలబడి చూశాడు. పొయ్యి మీద పెట్టిన మనిషి పెరట్లో ఉంది మరి.

పదిన్నరకు పని మొదలైంది. బాబా మియా మూడు వ్యాగన్లను నెట్టుకుంటూ మెల్లగా వచ్చాడు. అవతల ఇంకో మూడు నిలబడి ఉన్నాయి. ఇరవై మీటర్ల దూరం రాగానే మొగులయ్య ఎర్రజెండా చాపాడు, బండి ఆగింది. ఆగినచోట అది పెద్ద గేటుకు పోయే రోడ్డుకు అడ్డంగా ఉంది. అది మామూలే. రెండు నిమిషాల్లో కదిలే బండికి ఎవరూ ఏమీ అనరు. మొగులయ్య నడిచి వెళ్ళి వంగి చూశాడు. నిలబడ్డ వ్యాగన్లలో మొదటిదాని కింద ఒక మేక పడుకుని మూలుగుతోంది. పట్టాల పక్కన దేవమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఆమెదీ కర్దనూరే. కూలిన కాంపౌండు గోడలోంచి మేకలను తోలుకొచ్చి ఇక్కడ మేపుకుంటుంది.

"పటేలా, జెర ఆపుండ్రి! ఈనుతున్నది!"

"వ్యాగను కిందనా? ఇంకేడ జాగ దొరకలేదా నీ మేకకు?"

"దాన్నే అడుగుండ్రి."

మొగులయ్యకు కోపం రాలేదు. సరిగ్గా ఆ చోటే వాళ్ళ పశువుల కొట్టం ఉండేది. ఈనడానికి మేక మంచి చోటే చూసుకుందని లోపల కొంచెం సంతోషపడ్డాడు కూడా. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, పట్టాల మధ్య ఎర్రజెండా పాతి, ఇంజను వైపు చూసి అరిచాడు.

"మియా! మేక ఈనుతున్నది!"

"ముబారక్!" అని బాబా మియా ఫ్లాస్కు విప్పి చాయ పోసుకున్నాడు.

అప్పుడే శ్రావణ్‌కుమార్ రొప్పుకుంటూ వచ్చాడు. ఫ్యాక్టరీలో మనుషులను చేర్చుకోవడం, సాగనంపడం చూసే ఆఫీసరు ఆయన. ఏ పనైనా టైముకంటే ముందే ముగించాలని ఆయన కోరిక.

"అన్నా, నడువ్ జల్దీ! పెద్ద సారుకు ఒంటిగంటన్నరకు ఫ్లైటు. సన్మానం నాలుగింటికి గాదు, ఇప్పుడే. అమ్మను గూడ ఆటోల పిలిపిచ్చిన."

"జెండా పెట్టిన, సారూ. అరగంట ఆగుండ్రి."

"జెండా ఏడికి పోతదన్నా? సారు పోతడు!"

సన్మానం ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. పెద్ద సారు మొగులయ్యను రెండుసార్లు ముత్యాలయ్య అని పిలిచి, ఆయన సేవలు ఎన్నటికీ మరువలేనివన్నాడు. శాలువా, దండ, గోడ గడియారం వచ్చాయి. అవి అందుకుని మొగులయ్య పట్టాల వైపు తిరిగేసరికి శ్రావణ్‌కుమార్ ఎదురుగా నిలబడ్డాడు. హెల్మెటు తీసుకున్నాడు, బూట్లు విప్పించాడు, మెడలో కార్డు తీయించాడు. ఎలాగూ ఇంతమంది ఉన్నారు, సాయంత్రం దాకా ఎందుకని కంప్యూటర్‌లో ఒక బటన్ నొక్కాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ముగియడానికి రెండు సెకన్లు పట్టింది.

"ఎటువోతున్నవన్నా?"

"లైను మీదికి. పనున్నది."

"ఇగ మీకు పని లేదన్నా. పోయి ఆరాం చెయ్యుండ్రి. కార్డు లేకుంట అటు పోనియ్యరు. రైలు సంగతి మేం సూస్కుంటం."

చేను పోయిన రోజు కూడా మొగులయ్యకు ఇంత బాధ కలగలేదు. ఆ రోజు నాయన ఏడ్చాడు, తను ఓదార్చాడు. ఇప్పుడు ఓదార్చడానికి ఎదురుగా శ్రావణ్‌కుమార్ తప్ప ఎవరూ లేరు. మేజోళ్ళ కాళ్ళతోనే నడిచి, పనివాళ్ళ చిన్న గేటు దాటి, మోపెడ్ ఎక్కాడు. మెడలో దండ అలాగే ఉంది. వెనక కౌసల్యమ్మ ఒళ్ళో గోడ గడియారం పెట్టుకుని కూర్చుంది.

"ఆఖరి జెండా ఊపినవా?" అని అడిగింది కొంత దూరం పోయాక.

"లేదు."

ఊరి మలుపు దగ్గర ఫోను మోగింది. శ్రావణ్‌కుమార్ గొంతులో ఇందాకటి ఆరాం లేదు.

"అన్నా, ఏడున్నరు? ఆ జెండా తియ్యాలె!"

"మేక ఈనిందా?"

"ఈనింది. రెండు పిల్లలు. ఆమె ఎత్తుకొని పోయింది. ఇప్పుడు వ్యాగను కింద ఏం లేదన్నా, ఖాళీ. అయినా బాబా మియా ఇంజను కదిలిస్తలేడు. ఎర్రజెండా ఉన్నదంటడు. నేను తియ్యబోతే విజిల్ కొట్టి యార్డు యార్డంత జమ చేసిండు."

"సేఫ్టీ మేడమ్ లేదా?"

"మహిత మేడమా? ఆమె ఇంకా ఘోరం. పెట్టినవాడే తీయాలని బోర్డు మీద రాసున్నదట. పెద్ద సారు కారు రోడ్డు మీదనే ఆగింది. క్యాంటీన్ అన్నం బండి అవతల ఆగింది, నాలుగు వందల మంది తినాలె. లారీలు గేటు దాటి లైను కట్టినయి. పన్నెండింటికి రైల్వే ఇంజనొస్తది, అరగంట కంటే ఎక్కువ ఆగదట. పరేషాన్ పరేషాన్ అవుతున్నదన్నా!"

మొగులయ్య మోపెడ్ వెనక్కి తిప్పాడు.

"ఇల్లు ఇటు దిక్కు," అంది కౌసల్యమ్మ.

"ఎరుకే."

గేటు దగ్గర ముఖం చూసి లోపలికి పంపే యంత్రం ఒకటుంది. అది మొగులయ్య ముఖం చూసి ఎర్రదీపం వెలిగించింది. ఆరేళ్ళుగా రోజూ నమస్తే పెట్టే ఒడియా సెక్యూరిటీ గార్డు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "చాచా, మెషీన్ నహీ లే రహా," అని, ఒప్పుకోవడం లేదన్నట్టు యంత్రం వైపు చూపించాడు. ఉద్యోగి కానివాడు సందర్శకుడిగా రావాలి. సందర్శకుడైతే చీటీ రాయాలి. ఎవరిని కలవాలి అన్న చోట ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. చివరికి 'ఎర్రజెండా' అని రాసుకున్నారు. సందర్శకుడు పట్టాల దగ్గరకు పోవాలంటే ముందు ఇరవై నిమిషాల భద్రతా వీడియో చూడాలి, తర్వాత ఐదు ప్రశ్నలకు జవాబులు రాయాలి. శ్రావణ్‌కుమార్ ఫోనులో ఎంత బతిమాలినా మహిత ఒప్పుకోలేదు.

"సారీ, మొగులయ్య గారూ. వీడియో చూడాల్సిందే," అంది ఆమె ఫోనులోనే.

"సూస్త మేడమ్. మా ఇంటామె గూడ ఉన్నది."

"ఆమె కూడా చూడాలి."

"నేను గూడ లోపటికొస్త," అంది కౌసల్యమ్మ పక్క నుంచి గట్టిగా. "ముప్పై ఏండ్ల సంది ఆ జెండాలు ఉతుకుతున్న. ఊపంగ ఒక్క దినమన్న సూడలే."

గదిలో లైటు ఆర్పారు. తెర మీద వీడియో మొదలైంది. నల్లటి మీసంతో, నిటారుగా నిలబడి, రెండు చేతుల్లో రెండు జెండాలతో ఒక మనిషి కనిపించాడు. పన్నెండేళ్ళ కిందటి మొగులయ్య. సందర్శకులకు భద్రత నేర్పించడానికి అప్పట్లో ఆయన మీదే ఈ వీడియో తీశారు. ఆ సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. కదిలే బండి ఎక్కరాదు అని ఆ మొగులయ్య వేలు చూపి చెబుతుంటే, ఈ మొగులయ్య శాలువా కప్పుకుని, మేజోళ్ళతో కూర్చుని బుద్ధిగా విన్నాడు.

"అయ్యో, గింత మంచిగుంటివా?" అంది కౌసల్యమ్మ.

"నువ్వెప్పుడు సూడలేదా?"

"పొద్దున పోయి రాత్రి వస్తివి. ఏడ సూడాలె?"

తెర మీద ఇంజను కిటికీలోంచి బాబా మియా తొంగి చూశాడు. గడ్డంలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. వెనక కాంపౌండు గోడ కూలలేదు. గోడ అవతల ఇంకా జొన్న చేలు ఉన్నాయి. ఇప్పుడు అక్కడ పది అంతస్తుల ఇళ్ళు లేచాయి. మొగులయ్య కళ్ళు చెమర్చాయి. ఆ రోజు ఎండలో డైరెక్టరు ఒకే జెండాను పదకొండుసార్లు ఊపించాడని, బాబా మియాకు చిరాకెత్తి ఇంజను ఆపి దిగిపోయాడని, పక్క చేలోంచి పచ్చి కంకులు తెచ్చి కాల్చుకు తిన్నామని ఆయన కౌసల్యమ్మ చెవిలో చెప్పాడు.

తర్వాత ప్రశ్నల కాగితం ఇచ్చారు. నాలుగో ప్రశ్న: షంటింగ్ జరిగే చోట పని లేనివారు ఏం చేయాలి? జవాబు, దూరంగా ఉండాలి. ఆ ప్రశ్న రాయించిందీ ఆయనే. రాయించినప్పుడు అది తనకు తగులుతుందని అనుకోలేదు. అయినా 'దూరంగా ఉండాలి' అన్నచోట టిక్కు పెట్టాడు. ఐదో ప్రశ్న: ఎర్రజెండాను ఎవరు తీయాలి? అది చదవగానే మొగులయ్య పెన్ను ఆగింది. ఎప్పుడో చదివిన నియమాల పుస్తకంలో రెండో పేజీ గుర్తొచ్చింది. పెట్టినవాడు డ్యూటీ దిగి వెళ్ళిపోతే, సేఫ్టీ ఆఫీసరు స్వయంగా చూసి, సంతకం పెట్టి, మరొకరితో జెండా తీయించి పని ముగించవచ్చు. స్పష్టంగా రాసి ఉంది. ఒక్క ఫోను చేసి ఆ ముక్క చెబితే చాలు. సారు ఫ్లైటు అందుకుంటాడు, నాలుగు వందల మంది వేడి అన్నం తింటారు.

ఆఖరి పచ్చజెండా మాత్రం ఇంకెవరో ఊపుతారు. మొగులయ్య 'పెట్టినవాడే' అన్నచోట టిక్కు పెట్టి కాగితం ఇచ్చేశాడు. జన్మలో మొదటిసారి ఒక నియమాన్ని దాచిపెట్టాడు. ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినంత సిగ్గనిపించింది. అయినా నోరు తెరవలేదు.

సందర్శకుల బూట్లు రెండు సైజులు పెద్దవి. మొగులయ్య టపటప మోగించుకుంటూ, వెనక కౌసల్యమ్మ కొప్పు మీద నిలవని హెల్మెటును చేత్తో పట్టుకుంటూ పట్టాల దగ్గరికి చేరారు. అప్పటికి అక్కడ సంత కూడినట్టు ఉంది. లారీ డ్రైవర్లు, వంటవాళ్ళు, సగం ఫ్యాక్టరీ, అందరూ చేరి ఒక ఖాళీ వ్యాగను ముందు నిలబడ్డ చిన్న ఎర్రగుడ్డను చూస్తున్నారు. బయటి లైను మీద రైల్వే ఇంజను అప్పటికే వచ్చి కూత మీద కూత వేస్తోంది. పెద్ద సారు ఓపిక నశించి, రెండు వ్యాగన్ల మధ్య నుంచి నడిచి అవతలికి పోదామని ఒక కాలు పెట్టాడు. బాబా మియా విజిల్ మోగింది. మహిత అడ్డం వచ్చింది.

"సార్, వ్యాగన్ల మధ్య నుంచి పోకూడదు."

"ఈ ఫ్యాక్టరీ నాదమ్మా!"

"ఫ్యాక్టరీ మీదే సార్. కాళ్ళు కూడా మీవే."

పెద్ద సారు కాలు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఆయనకు పెద్ద బూట్లలో వస్తున్న మనిషి కనబడ్డాడు.

"మొగులయ్యా! తొందరగా తియ్యవయ్యా!" అన్నాడు. ఈసారి పేరు సరిగ్గానే వచ్చింది.

మొగులయ్య తొందరపడలేదు. వంగి వ్యాగను కింద చివరి దాకా చూశాడు. రెండు వైపులా నడిచి చూశాడు. చెక్క దిమ్మెలు తీశాడు. అప్పుడు జెండా పీకి, దుమ్ము దులిపి, చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇగ పోనియ్ మియా!" అని అరిచాడు శ్రావణ్‌కుమార్.

బాబా మియా కదలలేదు. "ఎర్రది తీసిండు. పచ్చది ఎవరూపిండ్రు? ఒక్క షంటింగుకు ఒక్కడే జమాదారు. షురూ చేసినోడే ఖతం చెయ్యాలె."

శ్రావణ్‌కుమార్ ఏడుపు ముఖంతో మహిత వైపు చూశాడు. ఆమె కొంచెం ఆలోచించినట్టు నటించింది.

"అవును, అది కూడా రాసుంది. విజిటర్ నా పర్యవేక్షణలో చేస్తాడు. కానివ్వండి, మొగులయ్య గారూ."

మొగులయ్య తన చిన్న గదిలోంచి పచ్చజెండా తెచ్చుకుని, పట్టాల పక్కన ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు. ఇస్త్రీ మడత ఇంకా చెదరలేదు. కిటికీలోంచి బాబా మియా, కింద నుంచి మొగులయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పచ్చజెండా మెల్లగా అటూ ఇటూ కదిలింది. ఇంజను ఒక్కసారి దగ్గి కదిలింది. ఇరవై మీటర్లు, పది, ఐదు. మొగులయ్య చెయ్యి నెమ్మదించింది, ఇంజనూ నెమ్మదించింది. వ్యాగన్లు తగిలిన చప్పుడు గిన్నె మీద మూత పెట్టినంత మాత్రమే వచ్చింది. నాయన చేన్లో, నాయన కొట్టం చోట, ఆయన ఆఖరి పని అంత మెత్తగా ముగిసింది. బాబా మియా ఏ నియమంలోనూ లేని పొడుగాటి కూత వేశాడు. మొగులయ్య శాలువా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"గిదా నువ్వు చేసే పని?" అంది కౌసల్యమ్మ. "మస్తుగున్నది. ముందే చెప్తే రోజూ ఇస్త్రీ చేస్తుంటి."

రైల్వే ఇంజను వ్యాగన్లను తీసుకుని పోయింది. అన్నం బండి లోపలికి వచ్చింది. పెద్ద సారు ఫ్లైటు అందదని తేలిపోయాక, ఆయన కూడా క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని లైనులో నిలబడ్డాడు. జనం పలచబడ్డాక మొగులయ్య మహిత దగ్గరికి పోయి తల వంచుకున్నాడు.

"మేడమ్, తప్పు చేసిన. పుస్తకంల రెండో పేజీల ఒకటున్నది. జెండా పెట్టినోడు పోతే మీరే తీపియ్యొచ్చు. ప్రశ్నల కాగితం రాసేటప్పుడే నాకు యాదికొచ్చింది. చెప్పలే."

మహిత జేబులోంచి ఒక మడిచిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. అదే రెండో పేజీ. కింద ఆమె సంతకం, పక్కన టైము ఉంది. పదకొండు ఇరవై.

"అప్పుడే సంతకం పెట్టిన, మొగులయ్య గారూ. జేబులకెల్లి తియ్యబుద్ధి కాలే."

మొగులయ్య ఆ కాగితాన్ని, ఆమె ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. పైనుంచి బాబా మియా దగ్గాడు.

"ఆ పేజీ నాకు సదివి వినిపిచ్చింది నువ్వే గద, పటేలా. వాన పడ్డ దినం, గీ ఇంజన్ల కూసోని. ముప్పై ఏండ్ల సంది యాదున్నది నాకు. ఇయ్యాల ఒక్క దినం మర్సిపోయిన."

మొగులయ్య నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూ ఇంజను మెట్టు మీద కూలబడ్డాడు. కౌసల్యమ్మ ఆయన గదిలోంచి టిఫిన్ డబ్బా తెచ్చి విప్పి నలుగురికీ పంచింది. అంతలో శ్రావణ్‌కుమార్ ఒక ఫారం పట్టుకొచ్చాడు. గంటా నలభై నిమిషాలు ఆలస్యం ఎందుకైందో హెడ్డాఫీసుకు సాయంత్రంలోగా రాసి పంపాలట.

మహిత చెయ్యి తుడుచుకుని, 'సిబ్బందికి నియమాలు పూర్తిగా తెలియకపోవడం' అని రాసింది. కింద సాక్షులుగా మొగులయ్య, బాబా మియా సంతకాలు పెట్టారు.